కాటా పట్టువాడే బేరగాడైనచో

2025వ సంవత్సరము మార్చి మాసమున టెక్‌క్రంచ్ అను అమెరికా దేశపు అంతర్జాల పత్రిక మరల చేతులు మారినది. దానిని యాహూ సంస్థవారు రీజెంట్ అను పెట్టుబడి సంస్థకు విక్రయించిరి. పుట్టి 20 సంవత్సరములు నిండకుండగనే ఆ పత్రికకు యాజమాన్యము మారుట యిది నాల్గవ పర్యాయము. సముద్రముల కావల నొక పత్రిక యెవరి వశమున నుండిన మనకేమి యని కొందరు పాఠకులు తలపవచ్చును. కాని యా పత్రిక చరిత్రలో ప్రతి పత్రికయు, ప్రతి పాఠకుడును ఎదుర్కొనవలసిన ప్రశ్న యొకటి యిమిడియున్నది. వార్తలు వ్రాయువాడే సంతను గూడ నడపవచ్చునా? సంత నడపువాడు సంతలోని సరకు మంచిచెడ్డలను నిష్పక్షపాతముగ చెప్పగలడా? కాటా పట్టి తూకము వేయువాడే సరకు కొనుటకు దిగినచో, అమ్మవచ్చిన రైతుగాని, చుట్టు నిలిచిన పదిమందిగాని ఆ తూకమును నమ్ముటెట్లు? ధాన్యమును, ప్రత్తిని, మిరపను అమ్ముకొను మన రైతులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. అది సిలికాన్ వ్యాలీలో, కోట్ల డాలర్ల వ్యవహారములలో, వార్తాపత్రికను ఆశ్రయించి తలయెత్తుటయే క్రొత్త.

టెక్‌క్రంచ్ పత్రికను 2005 జూన్ మాసమున కాలిఫోర్నియా రాష్ట్రములోని ఆథర్టన్ పట్టణమున మైకేల్ ఆరింగ్టన్ స్థాపించెను. ఆయన అంతకుముందు న్యాయవాది. తన యింటనే కూర్చుండి, అప్పుడప్పుడే మొలకెత్తుచున్న అంతర్జాల వ్యాపారములను గూర్చి వ్రాయనారంభించెను. పెద్ద పత్రికలు పెద్ద సంస్థలనే పట్టించుకొనుచుండగా, ఇద్దరు ముగ్గురు యువకులు ఒక గదిలో ప్రారంభించిన చిన్న సంస్థలను పలుకరించిన పత్రిక యిది. అట్టి సంస్థలనే నేడు స్టార్టప్‌లనుచున్నాము. కొలదికాలములోనే, ఆ పత్రికలో పేరు వచ్చినచో పెట్టుబడిదారుల గుమ్మము తెరచుకొనునను నమ్మకము ఆ ప్రాంతమున వ్యాపించెను.

ఆ కాలమున డెమో అను సమ్మేళనమొకటి పేరుపొందియుండెను. క్రొత్త సంస్థవారు తమ వస్తువును అచట ప్రదర్శింపవలెనన్న వేలకొలది డాలర్ల రుసుము చెల్లింపవలసియుండెను. సొమ్ము లేనివానికి వేదిక లేదు. ఈ పద్ధతి యన్యాయమని ఎంచి ఆరింగ్టన్, జేసన్ కలకానిస్ అనువారిరువురును 2007 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున టెక్‌క్రంచ్40 అను సమ్మేళనమును నడపిరి. యోగ్యతనుబట్టి 40 సంస్థల నెన్నుకొని, రుసుము గైకొనకయే వేదిక నెక్కించిరి. గృహస్థుల ఆదాయవ్యయముల లెక్కలు చూచు మింట్ అను సంస్థకు 50,000 డాలర్ల ప్రథమ బహుమానము లభించెను. 2009లో ఇన్‌ట్యూట్ సంస్థవారు దానిని 17 కోట్ల డాలర్లకు కొనిరి. నేడు లోకమంతట వాడుకలోనున్న డ్రాప్‌బాక్స్ 2008లో ప్రజలయెదుట నిలిచినది ఈ వేదికమీదనే. 2010లో సమ్మేళనమునకు డిస్రప్ట్ అను పేరు వచ్చెను. ఆ యేడే క్లౌడ్‌ఫ్లేర్ అను సంస్థ అచట వెలుగుచూచెను. నేడు లక్షలాది వెబ్‌సైట్లకు ఆ సంస్థయే కాపుగా నున్నది. సొమ్మున్నవానికే యున్న వేదికను బుద్ధియున్నవానికి తెరచిన ఈ మేలును మేము తక్కువచేసి చెప్పదలచుకొనలేదు.

అయినను గమనింపదగిన సంగతి యొకటి కలదు. 2010లో క్లౌడ్‌ఫ్లేర్‌ను వెనుకకు నెట్టి ప్రథమ బహుమానము పొందినది క్వికీ అను సంస్థ. దానిని 2013లో యాహూ కొని, మరుసటి యేడే మూసివేసెను. రెండవ స్థానమున నిలిచిన క్లౌడ్‌ఫ్లేర్ 2019లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదై, నేటికిని నడచుచున్నది. మొదటి యేటి విజేతయగు మింట్ సైతము 2024లో మూతపడినది. వేదికమీద తీర్పు చెప్పినవారు తెలివితక్కువవారని మా యుద్దేశము కాదు. ఆరు నిమిషముల ప్రసంగము విని, మరి కొన్ని నిమిషములు ప్రశ్నించి ఒక వ్యాపారమునకు జాతకము చెప్పుట యెవరికిని సాధ్యము కాదనియే మా తాత్పర్యము. పెండ్లిచూపులలో కాపురము కనబడదు. వేదిక పరిచయమునకు పనికివచ్చును, పరీక్షకు పనికిరాదు. ఆ పరీక్ష చేయవలసినది విలేఖరి. ఆ విలేఖరియే వేదికకు పందిరి వేసినవాడైనచో పరీక్ష యెవరు చేయుదురు?

ఆ పత్రిక బ్రతుకుతెరువును కొంచెము పరిశీలింతము. చదువరి దానిని ఉచితముగనే చదువుచున్నాడు. 2019లో చందాదారులకొరకు ప్రత్యేక విభాగమొకటి ప్రారంభించిరి గాని, 2024లో దానిని నిలిపివేసిరి. కావున పత్రికకు ఆధారములుగ మిగిలినవి ముఖ్యముగ ప్రకటనలును సమ్మేళనములును. సమ్మేళనమున ప్రవేశరుసుములు, ప్రదర్శనశాలలోని బల్లల అద్దెలు, పోషక సంస్థలిచ్చు ద్రవ్యము ఆదాయముగ వచ్చును. పోటీలో నెగ్గిన సంస్థకు నేడిచ్చు బహుమానము 1,00,000 డాలర్లు. అందుకు ప్రతిగా పత్రిక ఆ సంస్థలో వాటా నేమియు గైకొనదు. ఇది మెచ్చదగిన నియమము. కాని తీర్పరులలో పెక్కురు పెట్టుబడిదారులు. పోషకులలోను, అతిథులలోను పెక్కురు ఆ పత్రిక నిత్యము విమర్శింపవలసినవారు. పత్రికకు అన్నము పెట్టునది పాఠకుడు కాక, పత్రిక యెవరిని గూర్చి వ్రాయవలెనో వారే యైనప్పుడు కలము మెత్తబడుట మానవసహజము. అందుకు లంచ మక్కరలేదు, మొగమాటము చాలును.

ఆ పత్రిక కలమునకు పదును లేదని యెవరును అనజాలరు. 2009 అక్టోబరు చివర ఆరింగ్టన్ వ్రాసిన వ్యాసమే యిందుకు నిదర్శనము. ఫేస్‌బుక్‌లోని ఆటలయందు నాణెము లిత్తుమని ఆశపెట్టి, ఆడువారికి తెలియకుండ వారి నెలనెలా ఫోను లెక్కలో సొమ్ము లాగుచున్న మోసకరములైన ప్రకటనలను ఆయన బయటపెట్టెను. జింగా అను ఆటల సంస్థ అట్టి ప్రకటనలను తొలగింపవలసివచ్చెను. చిన్న పత్రిక యొకటి పెద్ద వ్యాపారమును దారికి తెచ్చిన సంఘటన యిది. 2010 ఫిబ్రవరిలో మరియొకటి జరిగెను. పత్రికలో పని నేర్చుకొనుచున్న యొక శిక్షార్థి, ఒక స్టార్టప్‌ను గూర్చి వ్రాయుటకు ప్రతిఫలముగ కంప్యూటరు నడిగినట్లు తెలియవచ్చెను. పత్రిక దానిని దాచలేదు. తానే పాఠకులకు వెల్లడించి, క్షమాపణ చెప్పి, ఆ శిక్షార్థి వ్రాతలను తొలగించెను. అంతవరకు న్యాయమే జరిగినది. కాని చిన్నవాని తప్పు దిద్దుట సులభము. యజమాని చేతిని పట్టుకొనుట కష్టము. ఆ సంగతి మరుసటి యేడు తేటపడినది.

2010 సెప్టెంబరులో టెక్‌క్రంచ్‌ను ఏఓఎల్ సంస్థ కొనెను. క్రయపత్రముపై సంతకములు డిస్రప్ట్ వేదికమీదనే, సభికులు చూచుచుండగా జరిగినవి. 2011లో ఆరింగ్టన్ క్రంచ్‌ఫండ్ అను పెట్టుబడి నిధిని స్థాపించెను. దాని మొత్తము సుమారు 2 కోట్ల డాలర్లు. అందు దాదాపు సగము ఏఓఎల్ సంస్థయే సమకూర్చెను. అనగా, క్రొత్త సంస్థలను గూర్చి వ్రాయు పత్రికను స్థాపించి నడపినవాడు, ఆ సంస్థలలోనే వాటాలు కొనుటకు, ఆ పత్రిక యజమానుల సొమ్ముతోనే పూనుకొనెను. స్టార్టప్ వ్యాపారమున వెల నిర్ణయించునది లాభము కాదు. లాభము రాబోవునను నమ్మకము. ఆ నమ్మకమును పుట్టించువానికి ఆ సంస్థలోనే వాటా యున్నచో, అతడు వ్రాసిన ప్రతి పొగడ్తయు తన ఆస్తి వెలను తానే పెంచుకొనుట యగును. పోటీసంస్థను గూర్చి అతడు వ్రాసిన ప్రతి దూషణయు అట్టిదే. న్యూయార్క్ టైమ్స్ మొదలగు పత్రికలలో ఆక్షేపణ చెలరేగెను. టెక్‌క్రంచ్ వేరు తరహా సంస్థ యనియు, దానికి వర్తించు ప్రమాణములు వేరనియు ఏఓఎల్ అధినేత టిమ్ ఆర్మ్‌స్ట్రాంగ్ తొలుత సమర్థించెను గాని ఆ సమర్థన నిలువలేదు. ఆ సెప్టెంబరు మాసముననే ఆరింగ్టన్ తాను కన్న పత్రికను విడిచిపోయెను.

ఆయన వాదమును గూడ చెప్పుట న్యాయము. తన పెట్టుబడులను తాను దాచలేదనియు, పాఠకులకు బహిరంగముగనే తెలుపుచున్నాననియు ఆయన చెప్పెను. స్నేహములు, వార్త నందించువారియెడ మొగమాటములు మున్నగునవి ప్రతి పత్రికారచయితకును ఉండుననియు, ధనసంబంధ మొక్కటియే పక్షపాతమునకు కారణము కాదనియు వాదించెను. ఇందు సత్యము లేకపోలేదు. దాచినదానికంటె చెప్పినది మేలు. కాని చెప్పినంతమాత్రమున సరిపోదు. తూకము వేయువాడు “కొనునది నేనే సుమా” యని ముందుగ చెప్పినను, రాయి సరియైనదో కాదో రైతునకు తెలియదు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. వ్రాసినదానిలోని పక్షపాతమును తెలివిగల పాఠకుడు కొంతవరకు కనిపెట్టగలడు. వ్రాయక విడిచినదానిలోని పక్షపాతము నెట్లు కనిపెట్టును? వ్యాసము చివర చేర్చిన యొక వాక్యము, వ్రాయబడని వార్తను వెలికి తీయజాలదు.

వ్రాయబడని వార్త యెంత కీడు చేయునో థెరానోస్ కథ చాటుచున్నది. వ్రేలికొననుండి తీసిన కొలది రక్తపుబొట్లతో అనేక పరీక్షలు చేయగలమని ఎలిజబెత్ హోమ్స్ స్థాపించిన ఆ సంస్థ చెప్పుకొనెను. 2014 సెప్టెంబరులో ఆమె డిస్రప్ట్ వేదికమీద ఆసీనురాలయ్యెను. ఆమెను గౌరవించిన వేదిక అదియొక్కటియే కాదు. పేరుగల పత్రికలు ఆమె ముఖచిత్రమును ప్రచురించినవి. సంస్థ విలువ 900 కోట్ల డాలర్లని లెక్కగట్టిరి. యంత్రము నిజముగ పనిచేయుచున్నదా యను ప్రశ్నను గట్టిగ పట్టుకొనినవాడు వాల్ స్ట్రీట్ జర్నల్ విలేఖరి జాన్ కారీరూ. ఆ సంస్థ తాను చేయు పరీక్షలలో మిక్కిలి కొలదిభాగమునకే తన యంత్రమును వాడుచున్నదని ఆయన 2015 అక్టోబరులో బయటపెట్టెను. 2018లో సంస్థ మూతపడెను. 2022లో, హోమ్స్ పెట్టుబడిదారులను వంచించినదని న్యాయస్థానమున నిర్ణయమై, ఆమెకు 11 సంవత్సరములకు పైబడిన కారాగారశిక్ష విధింపబడెను. ఇది సొమ్ము పోగొట్టుకొనినవారి కథ మాత్రమే కాదు. ఆ పరీక్షల ఫలితములను నమ్మి వైద్యము చేయించుకొనబూనిన రోగుల కథ కూడ.

ఈ కథయందే మరియొక విశేషము కలదు. వాల్ స్ట్రీట్ జర్నల్ కూడ సమ్మేళనములు నడపు పత్రికయే. దాని యాజమాన్యమునకు అధిపతియగు రూపర్ట్ మర్డోక్ థెరానోస్‌లో 12.5 కోట్ల డాలర్లు స్వయముగ పెట్టియుండెను. వార్త నాపుమని హోమ్స్ ఆయనను ఆశ్రయించెను. ఆయన సంపాదకుల నిర్ణయమున జోక్యము చేసికొనలేదు. వార్త వెలువడిన కొలది దినములకే, ఆ పత్రికవారు నడపిన సమ్మేళనమునకు హోమ్స్ వచ్చి, వారి వేదికమీదనే వారి ప్రశ్నలకు ప్రత్యుత్తర మీయవలసివచ్చెను. యజమాని సొమ్ము మునిగినది; పత్రిక పరువు నిలిచినది. కావున సంత నడపుటయే పాపమని గాని, యజమానికి వేరు వ్యాపారము లుండరాదని గాని మేము చెప్పము. సంతకును సంపాదకుని గదికిని నడుమ గోడ యున్నదా, ఉన్నచో దాని తలుపు తాళము ఎవరి చేతిలో నున్నది యనునదే అసలు ప్రశ్న.

ఈ చర్చ మనకు దూరమైనది కాదు. బెంగుళూరున శ్రద్ధా శర్మ 2008లో స్థాపించిన యువర్‌స్టోరీ స్టార్టప్‌ల వార్తలు వ్రాయుచు, 2010 నుండి టెక్‌స్పార్క్స్ అను సమ్మేళనమును గూడ నడపుచున్నది. 2015 నవంబరులో హైదరాబాదున టీ-హబ్ ప్రారంభమైనది. 2016 జనవరి 16వ తేదీన కేంద్రప్రభుత్వము స్టార్టప్ ఇండియా పథకమునకు శ్రీకారము చుట్టినది. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు హైదరాబాదుననే జరిగినది. ఇందుకు మేము సంతోషించుచున్నాము. మన యువకులు ఉద్యోగములకై పరుల గుమ్మములు కాచుటకంటె, తామే పదిమందికి పని కల్పింపబూనుట దేశమునకు శ్రేయస్కరము. కాని సంతలు పెరిగినకొలది నిజము చెప్పు సాక్షులు కూడ పెరుగవలెను.

ధనబంధమును గూర్చిన వివాదము మన పత్రికాలోకమునకు తెలియనిదియు కాదు. ప్రకటనల వెలకు బదులుగ సంస్థల వాటాలు గైకొను ఒప్పందములు మన దేశమునను జరిగినవి. 2009లో సెబీ ఈ విషయమును ప్రెస్ కౌన్సిల్ దృష్టికి తెచ్చెను. పత్రికకు వాటా యున్న సంస్థను గూర్చి వార్త ప్రచురించునప్పుడు ఆ వాటా సంగతిని తెలుపవలెనను సూచనను కౌన్సిల్ అంగీకరించినట్లు 2010లో ప్రకటింపబడెను. నియమము మంచిదే. వాటాకు వర్తించు న్యాయము వేదికకును, పోషక ద్రవ్యమునకును ఏల వర్తింపరాదని మేము ప్రశ్నించుచున్నాము.

మేము కోరునది అత్యాశ కాదు. సమ్మేళనమునకు సొమ్మిచ్చిన సంస్థను గూర్చి వ్రాయునప్పుడు పత్రిక ఆ సంగతిని ఆ వార్తయందే తెలుపవలెను. వేదికకు సంస్థల నెన్నుకొనువారును, ఆ సంస్థలను విమర్శించువారును వేరువేరుగ నుండవలెను. ఏ రంగమును గూర్చి వ్రాయుదురో ఆ రంగములోని సంస్థలలో రచయితలు వాటాలు కొనరాదు. వేదిక యెక్కినవారిలో గెలిచి నిలిచినవారి పేర్లనే గాక, మూతపడినవారి పేర్లను గూడ ఏటేట పాఠకులకు లెక్క చెప్పవలెను. ఇది సాధ్యము కాదనువారికి అమెరికాలోనే సమాధాన మున్నది. వాల్ట్ మాస్‌బర్గ్, కారా స్విషర్ నడపిన ఆల్ థింగ్స్ డి అను పత్రికలో రచయితలు తమ ధనసంబంధములను, కుటుంబసంబంధములను తెలుపు ప్రకటనలను పాఠకుల యెదుట నుంచిరి. వారును సమ్మేళనములు నడపినవారే.

పత్రికలకు చెప్పినది పాఠకులకును కొంత వర్తించును. మా పాఠకులలో పెక్కురు భూవసతి గలవారు, పట్టణములలో వర్తకము చేయువారు. నేడు కాకున్న రేపు, ఇంటి కుర్రవాడో, బంధువుల బిడ్డయో పత్రికలో పడిన ఛాయాపటమును, వేదికపై పొందిన జ్ఞాపికను చూపి, పొలము కుదువబెట్టియైన పెట్టుబడి పెట్టుమని కోరవచ్చును. అతని నుత్సాహభంగము చేయుమని మేము చెప్పము. కాని ఎద్దును కొనునప్పుడు పండ్లు లెక్కించి, నడిపించి చూచి, అరక కట్టి చూచి కొను రైతు, సంస్థలో వాటా కొనునప్పుడు ఛాయాపటమును చూచి కొనుట తగునా? వస్తువును సొంత సొమ్మిచ్చి కొనుచున్నవా రెందరు? లెక్కలు పరిశీలించినవా రెవరు? ఈ పొగడ్త వ్రాసినవారికి ఆ సంస్థతో సంబంధ మేమి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరకినచో నిర్భయముగ ముందునకు పోవచ్చును. దొరకనిచో, ఎన్ని వేదికలు ఎక్కినను ఆ సంస్థ యింకను పరీక్షకు నిలువనిదే యని యెంచుకొనవలెను. ఉచితముగ వచ్చు వార్తకు వెల నెవరో యొకరు చెల్లించుచునే యుందురు. ఆ వెల తామే చెల్లించి నిష్పక్షపాతమైన పత్రికను పోషించుకొనుట పాఠకులకు నష్టము కాదు.

2010లోను, 2015లోను, 2021లోను, 2025లోను టెక్‌క్రంచ్‌ను చేజిక్కించుకొనినవారికి అందు దక్కిన ఆస్తి యేమి? పొలములు లేవు, మరలు లేవు. ఆ పత్రిక చెప్పినది నిజమై యుండునని పాఠకులకు గల నమ్మకమే ప్రధానమైన ఆస్తి. ప్రకటన లిచ్చువాడు కోరునదియు, వేదిక యెక్కువాడు కోరునదియు ఆ నమ్మకమునే. దానిని సంతలో చిల్లరగ అమ్ముకొను పత్రిక కొంతకాలమునకు అమ్ముటకేమియు లేని పత్రిక యగును. ఏ దేశమునందైనను, ఏ భాషయందైనను, వార్త వ్రాయుచు సంత నడపువారు ఈ సంగతిని మరువకుందురు గాక.